ఉచిత వైద్య సమాచారం: మన రోగి ప్రశ్నతో తూచి చూద్దాం

నేడు మన ఆసుపత్రుల్లో వైద్య సమాచారానికి కొరత లేదు. ఏ సమాచారాన్ని నమ్మాలన్న దగ్గరే చిక్కంతా. ఒకప్పుడు రాత్రి డ్యూటీ డాక్టరుకు సందేహం వస్తే లైబ్రరీ బీరువాలోని పాత ఎడిషను తెరవాలి, లేదా పెద్ద డాక్టరుగారిని నిద్ర లేపాలి. ఇప్పుడు జేబులో ఉన్న ఫోనే లైబ్రరీ. పేరు టైపు చేస్తే క్షణంలో వంద పేజీలు వస్తాయి. వాటిలో చాలావరకు ఉచితం. డబ్బు లెక్క చూసుకుంటూ నడిచే మన వంటి మిషన్ ఆసుపత్రులకు ఇది మేలే. అయితే ఆ వంద పేజీల్లో ఏది మన రోగికి పనికివస్తుందో తేల్చే భారం ఒంటరిగా ఉన్న ఆ డ్యూటీ డాక్టరు మీదనే పడుతోంది. ఇది సరికాదని మా అభిప్రాయం. ఆ పరీక్ష ఆసుపత్రి మొత్తం కలిసి, పగటిపూట, తీరికగా చేసి పెట్టాలి.

వెతకడమే తప్పని మేము అనడం లేదు. డాక్టర్లకు రోగి దగ్గర కలిగే సందేహాలపై జరిగిన అనేక అధ్యయనాలను ఒకచోట చేర్చి 2014లో జామా ఇంటర్నల్ మెడిసిన్ పత్రికలో ఒక సమీక్ష ప్రచురించారు. సుమారు ఇద్దరు రోగులకు ఒక ప్రశ్న చొప్పున డాక్టర్లకు సందేహం వస్తుందని, అందులో సగం ప్రశ్నలకు వారు జవాబు వెతకనే వెతకరని అందులో తేలింది. వెతికిన వాటిలో మాత్రం దాదాపు 5లో 4 వంతులకు జవాబు దొరికింది. అంటే వెతికితే దొరుకుతుంది. వెతకకుండా వదిలేసిన ప్రశ్నే రోగికి నష్టం. కాబట్టి వెతకడం సులువు చేయాలి, వెతికే చోటు నమ్మకమైనదిగా ఉండాలి.

ఏది దేనికి పనికివస్తుంది?

ముందుగా ఒక మాట స్పష్టం చేసుకోవాలి. ఉచితంగా దొరికేవన్నీ ఒకే జాతివి కావు. పబ్ మెడ్ సంగతే చూడండి. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం దీన్ని 1997లో అందరికీ ఉచితంగా తెరిచింది. మూడున్నర కోట్లకు పైగా వ్యాసాల వివరాలు అందులో ఉన్నాయి. కానీ అది వ్యాసాల సూచిక. సారాంశం చూపిస్తుంది, పూర్తి వ్యాసం చాలాసార్లు డబ్బు కడితేగాని రాదు. పూర్తి పాఠం ఉచితంగా కావాలంటే 2000లో మొదలైన పబ్ మెడ్ సెంట్రల్‌లో చూడాలి. జర్నల్ క్లబ్బుకు, కేసు ప్రెజెంటేషనుకు ఇవి ఎంతో మంచివి. రాత్రి రెండు గంటలకు మూర్ఛతో వచ్చిన బిడ్డ పక్కన నిలబడి పబ్ మెడ్ తెరిస్తే మాత్రం వేయి వ్యాసాల పేర్లు కనబడతాయి, మోతాదు కనబడదు.

కాక్రేన్ సమీక్షలు వేరే జాతివి. ఒక ప్రశ్న మీద జరిగిన పరిశోధనలన్నీ వెతికి, తూచి, ఒక మాట చెబుతాయి. 2007లో భారత వైద్య పరిశోధనా మండలి, అంటే ఐ.సి.ఎం.ఆర్., చందా కట్టి కాక్రేన్ లైబ్రరీని దేశమంతటికీ అందుబాటులోకి తెచ్చింది. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలోని దక్షిణాసియా కాక్రేన్ కేంద్రం ఈ పనిలో మన ప్రాంతానికి దారి చూపింది. సమీక్షల సారాంశాలూ, సామాన్య భాషలో రాసిన చిన్న వివరణలూ ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. ఒక చికిత్స పని చేస్తుందా లేదా అన్నదానికి కాక్రేన్ మంచి జవాబు ఇస్తుంది. ఎలా చేయాలి, ఎంత ఇవ్వాలి అన్నదానికి అది చోటు కాదు.

రోగి మంచం దగ్గర పనికివచ్చేవి మరికొన్ని ఉన్నాయి. 1899లో తొలిసారి అచ్చయిన మెర్క్ మాన్యువల్, మన దేశంలో ఎం.ఎస్.డి. మాన్యువల్ పేరుతో ఉచితంగా దొరుకుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లల ఆసుపత్రి చికిత్సపై తెచ్చిన చిన్న పుస్తకం, 2005లో మొదటిది, 2013లో రెండవది, బరువును బట్టి మోతాదుల పట్టికలతో సహా ఉచితమే. అదే సంస్థ 2022లో యాంటీబయాటిక్ల వాడకంపై తెచ్చిన అవేర్ పుస్తకం, ముందుగా వాడవలసినవి, జాగ్రత్తగా వాడవలసినవి, దాచిపెట్టుకోవలసినవి అని మందులను మూడు వర్గాలుగా చేసి చెబుతుంది. పాలిచ్చే తల్లికి ఏ మందు ఇవ్వవచ్చో చెప్పే లాక్ట్‌మెడ్ కూడా మొదట అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం తెచ్చినదే. అవసరం లేకుండా తల్లిపాలు మాన్పించడం మన వార్డుల్లో ఇంకా ఆగలేదు. ఆ ఒక్క సందేహం తీర్చడానికైనా సిస్టర్ల గదిలో లాక్ట్‌మెడ్ ఉండాలి. ఇక 2019 నుంచి ఐ.సి.ఎం.ఆర్. విడుదల చేస్తున్న ప్రామాణిక చికిత్సా క్రమాలు, ఒక్కో జబ్బుకు ఒక్కో పేజీగా, మన దేశపు ఆసుపత్రులను దృష్టిలో పెట్టుకొని రాసినవి.

ఇన్ని ఉండగా వీటిలో దేన్ని ఎలా ఎంచుకోవాలి? నాలుగు ప్రశ్నలు వేసి చూడాలని మేము సూచిస్తున్నాము.

మొదటి ప్రశ్న: ఇది ఎవరి రోగి కోసం రాసింది?

పాముకాటు తీసుకోండి. వానాకాలంలో మన క్యాజువాలిటీకి రాని వారం ఉండదు. ఇంటర్నెట్‌లో పాముకాటు చికిత్స అని ఇంగ్లీషులో వెతికితే అమెరికా, ఆస్ట్రేలియా పేజీలు ముందు వస్తాయి. వాటిని రాసినవారు నిపుణులే, రాసింది వారి దేశానికి సరైనదే. కానీ వారి పాములు వేరు, వారి మందు వేరు. అమెరికాలో రాటిల్ స్నేక్ జాతికి వాడే క్రోఫాబ్ అనే విరుగుడు ఆరంభ మోతాదు 4 నుంచి 6 వయల్స్. మన దేశంలో దొరికే యాంటీ స్నేక్ వీనమ్ నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి అనే నాలుగు పాముల విషానికి తయారైనది. 2009 జాతీయ మార్గదర్శకాల ప్రకారం దాని ఆరంభ మోతాదు 8 నుంచి 10 వయల్స్, పిల్లలకూ అంతే. అమెరికా లెక్క చదివి మన సీసాలు ఎక్కిస్తే రోగికి అందేది చాలని మందు.

ఆస్ట్రేలియా పేజీలు కాటు పడిన అవయవాన్ని బిగుతైన బ్యాండేజితో చుట్టమంటాయి. అక్కడి పాములకు అది తగిన ప్రథమ చికిత్స. రక్తపింజరి కాటుకు అలా చుట్టితే అక్కడి కండ మరింత చెడే ప్రమాదం ఉంది. మన మార్గదర్శకాలు ధైర్యం చెప్పి, విరిగిన ఎముకకు కట్టినట్టు బద్ద కట్టి, కదలకుండా, వెంటనే ఆసుపత్రికి తీసుకురమ్మంటాయి. ఇక పెద్ద లాబరేటరీ ఉన్న చోటి పేజీలు రక్తం గడ్డకట్టే పరీక్షలు అరడజను రాస్తాయి. శుభ్రమైన పొడి గాజు గొట్టంలో 2 మి.లీ. రక్తం తీసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, గడ్డ కట్టిందో లేదో వంచి చూసే పరీక్ష వాటిలో కనబడదు. మన చిన్న ఆసుపత్రిలో ప్రాణం నిలిపేది ఆ గాజు గొట్టమే.

కొలతల్లోనూ ఇదే సంగతి. బ్రిటిష్ పేజీల్లో రక్తంలో చక్కెర మిల్లీమోల్స్‌లో ఉంటుంది. అక్కడ 10 అంటే మన లెక్కలో 180 మి.గ్రా. క్రియాటినిన్ 88 మైక్రోమోల్స్ అంటే మనకు 1 మి.గ్రా. మన పారాసిటమాల్ అమెరికాలో ఎసిటమినోఫెన్, సాల్బుటమాల్ ఆల్బుటెరాల్, అడ్రినలిన్ ఎపినెఫ్రిన్. ఒక బ్రాండు పేరు వేరే దేశంలో వేరే మందుకు ఉండవచ్చు. అందుకే ఎప్పుడైనా జనరిక్ పేరుతోనే వెతకాలి.

మన మందుల షాపుల్లో ఉండి వారి పుస్తకాల్లో లేని మందులు మరో ఇబ్బంది. నిమెసులైడ్‌ను అమెరికాలో ఎన్నడూ అమ్మలేదు, కాబట్టి అక్కడి మందుల సూచికల్లో దాని గురించి హెచ్చరిక వెతికినా ప్రయోజనం ఉండదు. మన ప్రభుత్వం 2011లో 12 ఏళ్ళ లోపు పిల్లలకు దాన్ని నిషేధించింది. రెండు మూడు మందులు కలిపిన మాత్రలను 2016లో 344, 2024 ఆగస్టులో 156 నిషేధించింది. వీటి వివరం కేంద్ర ఔషధ ప్రమాణాల సంస్థ వెబ్ సైటులో ఉచితంగా ఉంటుంది. విదేశీ పేజీలో హెచ్చరిక కనబడలేదంటే మందు సురక్షితమని అర్థం కాదు.

రెండవ ప్రశ్న: ఎప్పుడు రాసింది?

పేజీ మీద తేదీ లేకపోతే ఆ పేజీని పక్కన పెట్టడం మంచిది. క్షయ చికిత్సే ఇందుకు ఉదాహరణ. మన జాతీయ కార్యక్రమంలో చాలా ఏళ్ళు వారానికి మూడు రోజులు మందులిచ్చారు. 2017లో దేశమంతటా రోజూ ఇచ్చే పద్ధతికి మారారు. పాత పద్ధతి రాసిన పేజీలు ఇంటర్నెట్ నుంచి పోలేదు. మందులకు లొంగని క్షయకు 2024 సెప్టెంబరులో ఆరు నెలల కొత్త చికిత్సను కేంద్ర ఆరోగ్య శాఖ ఆమోదించింది. అంతకుముందు రాసిన పేజీలో అది ఉండదు.

కొత్తదైనంత మాత్రాన సరైనదని కూడా అనుకోరాదు. కోవిడ్ రోజుల్లో హైడ్రాక్సీక్లోరోక్విన్ పై ప్రసిద్ధమైన లాన్సెట్ పత్రిక 2020 మే 22న ఒక వ్యాసం ప్రచురించింది. ఆధారమైన లెక్కలను సరిచూడటానికి వీలు లేదని తేలడంతో జూన్ 4న అది ఉపసంహరించబడింది. మధ్యలో గడిచింది రెండు వారాలే, ఆ లోపలే ప్రపంచం దాన్ని చదివేసింది. ఒకే ఒక కొత్త వ్యాసం చూసి వార్డు పద్ధతి మార్చకూడదని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

మూడవ ప్రశ్న: ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారు?

మనకు ఉచితమైనదానికి మరెవరో చెల్లిస్తున్నారు. ప్రభుత్వ గ్రంథాలయమైతే అక్కడి పన్నులు. ఎం.ఎస్.డి. మాన్యువల్‌కు ఒక ఔషధ కంపెనీ. కొన్నిటికి ప్రకటనలు. కంపెనీ డబ్బు ఉన్నంత మాత్రాన అబద్ధమని మేము అనము. కానీ ఆ సంగతి తెలిసి చదవాలి. 2024లో మెడ్‌స్కేప్ అనే ప్రసిద్ధ ఉచిత సైటు, ఫిలిప్ మోరిస్ అనే సిగరెట్ కంపెనీ డబ్బుతో తయారైన ధూమపాన విషయక పాఠాలను డాక్టర్లకు అందించింది. నిరసనలు వచ్చాక వాటిని తొలగించి క్షమాపణ చెప్పుకొంది. అంతకంటే బాధాకరమైనది ప్రాక్టీస్ ఫ్యూజన్ కథ. అమెరికాలో డాక్టర్లకు రోగుల రికార్డుల సాఫ్ట్‌వేరును ఉచితంగా ఇచ్చిన కంపెనీ ఇది. నల్లమందు జాతి నొప్పి మందులు తయారుచేసే కంపెనీ దగ్గర డబ్బు తీసుకొని, ఆ మందులు రాసేలా డాక్టరు తెర మీద సూచనలు వచ్చేటట్టు చేసింది. 2020లో 14.5 కోట్ల డాలర్లు చెల్లించి కేసు పరిష్కరించుకుంది. తెర మీద వచ్చిన మాట సలహాయో, అమ్మకమో ఆ డాక్టర్లకు తెలిసే వీలే లేకపోయింది. ఆ మందు మింగింది మాత్రం వారి రోగులు.

నాలుగవ ప్రశ్న: రేపు ఉంటుందా?

అమెరికా ప్రభుత్వం నడిపిన నేషనల్ గైడ్‌లైన్ క్లియరింగ్‌హౌస్ ఎన్నో దేశాల డాక్టర్లు ఆధారపడిన ఉచిత భాండాగారం. నిధులు ఆగిపోయి 2018 జూలై 16న అది మూతపడింది. ఆరోగ్య వెబ్ సైట్లకు నమ్మకపు ముద్ర వేసిన జెనీవాలోని హెల్త్ ఆన్ ద నెట్ సంస్థ కూడా 2022 డిసెంబరులో పని ముగించింది. ఆ ముద్ర ఏదైనా పేజీ మీద ఇంకా కనబడితే, నేడు దాని వెనుక తనిఖీ చేసేవారు ఎవరూ లేరని గుర్తుంచుకోవాలి. ఇక మన ఊళ్ళలో గాలివాన వస్తే కరెంటు, నెట్టు రెండూ పోతాయి, పాముకాటు కేసులు మాత్రం ఆగవు. కాబట్టి డౌన్‌లోడు చేసుకోవడానికి వీలైనవి, అచ్చు వేసి గోడకు అతికించుకోగలిగినవి మనకు ఎక్కువ విలువైనవి.

ఈ నాలుగు ప్రశ్నలూ నేటి చాట్‌బాట్‌లకు కూడా వేసి చూడండి. 2022 చివరి నుంచి ఇవి అందరి ఫోన్లలోకి వచ్చాయి. మాట చక్కగా ఉంటుంది, జవాబు వెంటనే వస్తుంది. కానీ ఎవరి రోగి కోసం చెబుతోందో, ఏ తేదీ నాటి సమాచారమో చాలాసార్లు తెలియదు. లేని వ్యాసాల పేర్లు ఉన్నట్టు చెప్పడం వీటికి తెలిసిన జబ్బే. మోతాదు కోసం వీటిని నమ్మవద్దని మా గట్టి మాట. ఏ పుస్తకంలో వెతకాలో తెలుసుకోవడానికి వాడుకోవచ్చు, ఆపైన ఆ పుస్తకం తెరిచి చూడాల్సిందే.

ఆసుపత్రి చేయవలసిన పని

డబ్బు కట్టే సైట్లే మంచివి, వాటినే కొందామని కొందరు అంటారు. కొనగలిగిన వారు కొనవచ్చు. 2025 జనవరి 1న కేంద్ర ప్రభుత్వం ఒకే దేశం ఒకే చందా పథకం మొదలుపెట్టింది. మూడేళ్ళకు 6,000 కోట్ల రూపాయలతో 30 మంది ప్రచురణకర్తల 13,000 దాకా పత్రికలను ప్రభుత్వ విద్యా, పరిశోధనా సంస్థలకు అందిస్తున్నారు. తొలి దశలో మన వంటి ఆసుపత్రులు అందులో లేవు. చందా కట్టిన సైటుకైనా పై నాలుగు ప్రశ్నలు తప్పవు. మన పాము గురించి చెప్పలేని పుస్తకానికి లక్ష రూపాయలు పెట్టినా అది మన పుస్తకం కాదు.

అందుచేత ప్రతి ఆసుపత్రీ తన సొంత జాబితా తయారు చేసుకోవాలి. పద్ధతి కష్టమైనది కాదు. గడిచిన మూడు నెలల్లో క్యాజువాలిటీలో, ప్రసూతి వార్డులో, పిల్లల వార్డులో నిజంగా వచ్చిన సందేహాలు పది రాయండి. పాముకాటు, పురుగుమందు తాగిన కేసు, గర్భిణికి ఫిట్స్, పసిబిడ్డకు జెంటామైసిన్ మోతాదు, పాలిచ్చే తల్లికి మందు, ఇలాంటివి. వాటికి సరైన జవాబులను పెద్ద డాక్టర్లు ముందే రాసి పెట్టాలి. ఆ తరువాత ఒక జూనియర్ డాక్టరు, ఒక సిస్టరు, ఒక ఫార్మసిస్టు వేరువేరుగా కూర్చొని ఒక్కో సైటులో ఆ పది ప్రశ్నలూ వెతకాలి. మూడు నిమిషాల్లో జవాబు దొరికిందా, దొరికినది సరైనదా, మన దగ్గరున్న మందుతో చేయగలమా అని గుర్తులు వేయాలి. పేరుప్రఖ్యాతులను పక్కనబెట్టి ఆ గుర్తులే చూడాలి.

మిగిలేది అయిదారు కన్నా ఎక్కువ ఉండవు. ఆ పేర్లు ఒక కాగితం మీద, ఏది దేనికో రాసి, ప్రతి నర్సింగ్ స్టేషనులో అతికించాలి. డౌన్‌లోడు అయ్యేవన్నీ వార్డు కంప్యూటర్లో ఉంచాలి. పాముకాటు, మూర్ఛ, అలర్జీ షాక్ వంటి అత్యవసరాలకు అచ్చు కాగితం తప్పనిసరి. ఏడాదికోసారి మళ్ళీ పరీక్షించే బాధ్యత ఒకరి పేరున రాసి ఉంచాలి. అందరి బాధ్యత అని వదిలేస్తే అది ఎవరి బాధ్యతా కాకుండా పోతుంది.

రోగి ఎదుట ఫోను చూస్తే డాక్టరు మీద గౌరవం తగ్గుతుందని కొందరు పెద్దలు అంటారు. వారి మాటలో కొంత నిజముంది. చెప్పకుండా ఫోను చూస్తే రోగి బంధువులు మరోలా అనుకుంటారు. "మోతాదు ఒకసారి సరిచూసుకుంటానమ్మా" అని చెప్పి చూస్తే అనుకోరు. దుకాణంలో తూకం వేసి ఇచ్చేవాణ్ణి ఎవరూ తక్కువగా చూడరు, చేత్తో ఉజ్జాయింపుగా ఇచ్చేవాణ్ణే అనుమానిస్తారు. సిస్టర్ల విషయంలో ఇది మరింత ముఖ్యం. డాక్టరు రాసిన మోతాదు మీద అనుమానం వస్తే చూసుకొని అడిగే హక్కు సిస్టరుకు ఉండాలి. అడిగినందుకు కోప్పడే వార్డులో ఎంత మంచి జాబితా అతికించినా గోడకు అందమే తప్ప రోగికి మేలు లేదు.

మన ఆసుపత్రులకు దూరప్రాంతాల నుంచి పేదలు వస్తారు. ఇంకొక చోట రెండవ అభిప్రాయం తీసుకునే స్తోమత వారికి లేదు. మనం ఇచ్చిన మాటే వారికి చివరి మాట. ఆ మాట ఎక్కడి నుంచి తెచ్చి ఇస్తున్నామో చూసుకోవడం మన పరిచర్యలో భాగమే. వచ్చే వానలకు ముందే ప్రతి ఆసుపత్రిలో ఆ పది ప్రశ్నలు రాసుకోవాలని, మొదటి ప్రశ్నగా పాముకాటును పెట్టుకోవాలని మా మనవి.